పుల్లయ్య గుండెలో చప్పుడు

నంద్యాలలో మా మెడికల్ కాలేజీ హాస్టల్ గదుల్లో దేవుళ్ల పటాలకు కొదవలేదు. కానీ ఫైనలియర్ పరీక్షలు దగ్గరపడ్డాయంటే అన్ని మతాలవాళ్లూ కలిసి మొక్కేది మాత్రం ఆళ్లగడ్డ పుల్లయ్యకే.

పుల్లయ్య డాక్టరు కాదు. ఆళ్లగడ్డ పక్కన పసుపు, జొన్న పండించుకునే రైతు. ఆయన గొప్పతనమంతా ఆయన గుండెలో ఉంది. అందులో ఒక కవాటం ఇరుకైపోయి, నెత్తురు ఆ ఇరుకులోంచి దూరేటప్పుడు గురగురమని చప్పుడొస్తుంది. దాన్నే మేం మర్మర్ అంటాం. మామూలు రోగుల్లో ఆ చప్పుడు పట్టుకోవాలంటే ఊపిరి బిగబట్టి, చెవులు రిక్కించి, పక్క వార్డులో ఏడ్చే పిల్లల్ని మనసులోనే తిట్టుకోవాలి. పుల్లయ్య దగ్గర ఆ బాధ లేదు. స్టెతస్కోపు పెడితే చాలు, బ్రహ్మచెవుడున్న వాడికైనా వినిపిస్తుంది. అందుకే ప్రాక్టికల్ పరీక్షలకు ఏటా ఆయన్నే కేసుగా పిలిపిస్తారు. కిటికీ పక్క మంచం, ఉతికిన దుప్పటి, పొద్దున ఉగ్గాని బజ్జి, మధ్యలో కాఫీ. కొత్తల్లుడికి కూడా అంత మర్యాద జరగదు. నంద్యాల జిల్లా డాక్టర్లలో సగం మంది తన రొమ్ము మీదే చదువు నేర్చారని ఆయన బస్సులో పక్క సీటువాళ్లకు చెప్పుకుంటాడు. అందులో అబద్ధం కూడా పెద్దగా లేదు.

పరీక్షలకు ముందు ఆదివారం ఫైనలియర్ వాళ్లు ఆళ్లగడ్డ బస్సెక్కి ఆయన ఇంటికి పోవడం మా దగ్గర ఆనవాయితీ. దానికి మేం పెట్టుకున్న పేరు పుల్లయ్య దర్శనం. స్వీటు పొట్లం ఆయన చేతిలో పెట్టి, వరసగా కూర్చుని ఆయన గుండె విని, పరీక్షలో మంచం దగ్గర ఏం చెప్పాలో ఆయన నోటితోనే చెప్పించుకుని రావాలి. ప్రొఫెసర్లకు ఈ సంగతి తెలుసు. వాళ్లూ ఒకప్పుడు ఇట్లాంటి పుల్లయ్యల దగ్గరికి పోయినవాళ్లే కాబట్టి ఏమీ అనరు.

ఇక నా సంగతి. నా పేరు దీవెన. పేరుకూ మనిషికీ పొత్తు కుదరలేదని మా అమ్మ మరియమ్మ బాధ. మొదటిసారి మెడిసిన్ ప్రాక్టికల్లో నేను ఫెయిలయ్యాను. చదవక కాదు. ఎగ్జామినరు ఒక రోగికి కాలేయం ఎంత వాచిందో చూడమన్నాడు. పక్కటెముకల కింద రెండు వేళ్ల మేరన్నాను. ఇంకోసారి చూడమన్నాడు. చూసి, రెండు వేళ్లేనన్నాను. ఇంకోసారి అన్నాడు. "ఎన్నిసార్లు చూసినా అవే వేళ్లు కదా సార్" అన్నాను. అంతే, అక్కడితో నా పరీక్ష అయిపోయింది. తప్పు నాదని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు.

కానీ ఈసారి కూడా పోతే నా గతి అధోగతే. నా బ్యాచ్‌వాళ్లు అప్పటికే హౌస్‌సర్జన్లై తెల్లకోట్లు ఊపుకుంటూ నా ముందే తిరుగుతున్నారు. నేను జూనియర్లతో కలిసి రాయాలి. ఇది చాలదన్నట్టు మా ఊరు గడివేములలో అమ్మ కృతజ్ఞత కూడిక ఏర్పాటు చేసేసింది. పరీక్ష కాకముందే. పాస్టరు గారికి చెప్పింది, పాడాల్సిన పాటలు ఎంచింది, ఊరంతా పిలిచింది. "ఫలితం ఇంకా రాలేదు కదమ్మా" అంటే "విశ్వాసమంటే అదేనే" అంది. మా నాయన రాజరత్నం బడిలో లెక్కల పంతులు. ఆయన విశ్వాసం కాస్త వేరు. వంటవాళ్లను మాత్రం ఇంకా ఖాయం చేయొద్దని అమ్మకు చెప్పాడట.

దర్శనానికి నేను, జూనియర్ బ్యాచ్‌వాళ్లే అయిన నా రూమ్మేటు భానుప్రియ, మహేష్ బయల్దేరాం. మహేష్‌ది పగిడ్యాల. తెలియని విషయాన్ని తెలిసినట్టు చెప్పడంలో వాడికి పరీక్ష పెడితే యూనివర్సిటీ ఫస్టు. బస్సు దిగి, శిల్పాలు చెక్కేవాళ్ల సుత్తి దెబ్బల మధ్య దుమ్ము మింగుకుంటూ నడిచి ఇల్లు చేరేసరికి, పుల్లయ్య భుజం మీద ఇంత లావు జొన్నచొప్ప మోపు వేసుకుని గబగబా దొడ్లోకి పోతున్నాడు. మమ్మల్ని చూడగానే మోపు కింద పడేసి, అరుగు మీద కూలబడి, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని రొప్పడం మొదలుపెట్టాడు.

"రాండప్పా, రాండి. ఏం జెప్పేది, రెండడుగులేస్తే ఊపిరాడ్డం లేదు."

ముగ్గురం డాక్టర్లు కాబోయేవాళ్లం. ముగ్గురం కళ్లారా చూశాం. ఒక్కరికీ బుర్రలో దీపం వెలగలేదు. పైగా భానుప్రియ "పాపం, జబ్బుతో కూడా ఎంత కష్టపడుతున్నాడో" అంది.

పుల్లయ్య భార్య రామసుబ్బమ్మ జొన్నరొట్టెలు, నంజుకోవడానికి శెనగిత్తనాల ఊరిమిండి తెచ్చి మా ముందు పెట్టింది. రొప్పుతున్న మొగుణ్ని ఎగాదిగా చూసి లోపలికి పోయింది. మహేష్ చేతులు కడుక్కుని స్టెతస్కోపు తీయగానే పుల్లయ్య తుండుగుడ్డ రొమ్ము చుట్టూ బిగించాడు.

"ఈసారి స్టెతులు పెట్టేది లేదప్పా. మొక్కుకున్న్యా. పరీచ్చ దినం దాకా రొమ్ముకు ఇనుము తగలగూడదు."

"ఎవరికి మొక్కుకున్నావ్ పెద్దాయనా?" అన్నాను అనుమానంగా.

"అహోబిలం నరసింహసామికి."

రొమ్ముల సంగతి ఆ సామికి తెలిసినంత ఇంకెవరికి తెలుసని భానుప్రియ చెంపలేసుకుంది. ఇక ఎదురు మాట్లాడేదేముంది?

"ఇనకపోతే ఏమాయెలే, నేను చెప్తాండా గదా, రాసుకోండి" అని పుల్లయ్య కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. "చిన్నప్పుడు కీళ్లనొప్పులు, జరం. ఆనక ఆయాసం. రాత్రిపూట ఎల్లెలకల పండుకోలేను, లేసి గోడకు ఆనుకొని కూర్చోవాల. ఎడం రొమ్ము కింద మిడ్ డయాస్టాలిక్ మర్మరు. ఎడంపక్కకు తిప్పి ఇనాల. ఇనేముందు చేతులు రుద్దుకొని ఎచ్చబెట్టుకోవాల. ఐసు మాదిరి చేతులు పెట్టినోళ్లకు నేను తప్పు చెప్తా, ముందే చెప్తాండా."

మంత్రం ఉపదేశం తీసుకున్నట్టు ముగ్గురం రాసుకున్నాం. తిరుగు బస్సులో సిరివెళ్ల దాటేదాకా మహేష్ దాన్ని వల్లె వేస్తూనే ఉన్నాడు.

పరీక్ష రోజు వచ్చింది. మా ప్రొఫెసరు జ్ఞానప్రకాశం సారు, బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ సారు కలిసి ఎగ్జామినర్లు. ఎక్స్‌టర్నల్ సారుది కోస్తా వైపు. మెత్తటి మనిషి, మెత్తటి మాట. పొద్దున జ్ఞానప్రకాశం సారు ఆయనకు కేసులన్నీ పరిచయం చేశాడు. పుల్లయ్య మంచం దగ్గరికి వచ్చేసరికి "ఈయన మా ఆస్థాన విద్వాంసుడు సార్" అని మర్మర్ సంగతి నోటితో చెప్పేశాడు. ఏటా వచ్చే మనిషే కదా అని తను స్టెతు పెట్టలేదు. ఈయన చెప్పాడు కదా అని ఆయనా పెట్టలేదు. ఇద్దరూ టీ తాగడానికి కూర్చున్నారు.

నాకూ పుల్లయ్య మంచమే పడింది. కానీ నా వంతు ఆఖర్న. తెర ఇవతల బెంచీ మీద కూర్చుని లోపల జరిగేదంతా విన్నాను. మహేష్ ముందు పోయాడు. "చాలా స్పష్టంగా ఉంది సార్. స్టెతు పెట్టగానే చెవులు గింగిర్లెత్తాయి" అన్నాడు. గుడ్, గుడ్ అని ఎక్స్‌టర్నల్ సారు బిస్కెట్టు నమిలాడు. భానుప్రియ ఇంకో మెట్టు ఎక్కి, చెయ్యి పెడితే అరచేతికి కూడా ఆ గురగుర తగులుతోందని చెప్పింది. ఆ తర్వాత పోయిన కొత్తపల్లె వినీత్‌కు మొహమాటం ఎక్కువ. ముందువాళ్లకంటే తక్కువ చెప్తే బాగుండదని, తన వంతుగా ఇంకో కవాటంలో ఇంకో మర్మర్ కూడా చేర్చాడు. దానికీ గుడ్ వచ్చింది.

నా పేరు పిలిచారు. చేతులు రుద్దుకుని వెచ్చబెట్టుకున్నాను. ఎగ్జామినర్లు వచ్చేలోపల పరీక్ష చేసుకోవడానికి కొంత సమయం ఇస్తారు. పుల్లయ్య నన్ను చూసి నవ్వాడు. స్టెతు పెట్టాను.

లబ్ డబ్. లబ్ డబ్. లబ్ డబ్.

అంతే. మధ్యలో ఏమీ లేదు. స్టెతు పాడైందేమోనని వేలితో కొట్టి చూశాను. బాగానే ఉంది. ఎడంపక్కకు తిప్పి విన్నాను. కూర్చోబెట్టి విన్నాను. పనిచేస్తే చప్పుడు పెరుగుతుందని చదువుకున్నాం కాబట్టి మంచం దిగి కాసేపు గుంజీలు తీయమన్నాను. పుల్లయ్య పంచె ఎగ్గట్టి, బడిలో మంచి పిల్లవాడిలాగా చకచకా తీశాడు. ఆపమని నేనే చెప్పాల్సి వచ్చింది. మళ్లీ విన్నాను. గుండె కాస్త వేగంగా కొట్టుకుంటోంది, అంతే. మనిషి రొప్పడం లేదు, చెమట పట్టలేదు. అప్పటికి గానీ నాకు ఆ చొప్ప మోపు గుర్తురాలేదు.

"పెద్దాయనా, చప్పుడు యాడ?" అన్నాను గొంతు తగ్గించి.

"ఆడనే ఉంటాది సూడు పాపా."

"లేదు."

పుల్లయ్య అటూ ఇటూ చూశాడు. "ఇనిపిస్తాందని చెప్పు. పొద్దున్నుంచి అందరూ అట్లనే చెప్పి పాసైతాండారు. నీకేం బోయె?"

నాకేం పోయేదీ లేదు. నిజానికి ఆ మాట చెబితే అంతా వచ్చేదే. పాసవుతాను, అమ్మ కూడిక నిలబడుతుంది, తెల్లకోటు ఊపుకుంటూ తిరిగేవాళ్లలో నేనూ ఒకదాన్నవుతాను. లేదని చెబితే పొద్దున్నుంచి విన్నవాళ్లంతా ఒకవైపు, ఒకసారి తప్పిన దీవెన ఒకవైపు. ఎవరి మాట నెగ్గుతుందో చెప్పడానికి జాతకం చూడక్కర్లేదు. అందుకే ఎగ్జామినర్లిద్దరూ వచ్చి నిలబడి "ఏం కనిపెట్టావమ్మా?" అన్నప్పుడు నేను అబద్ధం చెప్పడానికే నోరు తెరిచాను.

"మిడ్..." అన్నాను. అక్కడ ఆగిపోయింది. నా నిజాయితీ వల్ల కాదు. చెవులు గింగిర్లెత్తాయన్న మహేష్ మాట గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది. లేని చప్పుడుకు వాడికి గింగిర్లా? వాడి వెనక తోకలాగా నేనా?

"ఏమీ వినిపించడం లేదు సార్. గుండె మామూలుగా ఉంది."

జ్ఞానప్రకాశం సారు ముఖం పాలిపోయింది. ఎక్స్‌టర్నల్ సారు మాత్రం మెత్తగానే అన్నాడు. "కంగారు పడకమ్మా. ఇంకోసారి చూడు."

ప్రపంచంలో ఎన్ని మాటలున్నాయి! ఈ ఎగ్జామినర్లందరికీ ఆ ఒక్క మాటే ఎందుకు దొరుకుతుందో నాకు తెలీదు.

"నేను చాలాసార్లు చూశాను సార్. మీరు ఒక్కసారి చూశారా?"

వార్డులో ఫ్యాను తిరిగే చప్పుడు మాత్రం అందరికీ వినిపించింది. ఎక్స్‌టర్నల్ సారు నా వైపు చూసి, జ్ఞానప్రకాశం సారు వైపు చూసి, మెళ్లోంచి స్టెతు తీసి పుల్లయ్య రొమ్ము మీద పెట్టాడు. కాసేపు విన్నాడు. కనుబొమలు దగ్గరకొచ్చాయి. తర్వాత జ్ఞానప్రకాశం సారు విన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరు ముందు నోరు తెరుస్తారా అని నేను చూస్తున్నాను.

"మర్మర్ కాస్త నెమ్మదిగా ఉన్నట్టుందండీ" అన్నాడు ఎక్స్‌టర్నల్ సారు.

"అవును సార్. నెమ్మదిగా ఉంది గానీ, ఉంది" అన్నాడు జ్ఞానప్రకాశం సారు ఊపిరి పీల్చుకుని.

"అలవాటు లేని చెవులకి పట్టుబడదమ్మా" అని ఎక్స్‌టర్నల్ సారు జాలిగా చెప్పి, మార్కుల కాగితం మీదికి పెన్ను దించాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే వాళ్లు గెలిచినట్టని మింగేశాను.

అప్పుడు పుల్లయ్య దుప్పటి తన్నేసి లేచి కూర్చున్నాడు.

"సార్! లేని దాన్ని మీరెట్లా ఇంటాండారప్పా?"

మార్కుల కాగితం మీద పెన్ను ఆగిపోయింది. పుల్లయ్యే కానిచ్చాడు. "పిల్లోళ్లు ఇన్న్యారంటే సరే, పరీచ్చ గండం. మీకేమొచ్చింది? నాకు కర్నూల్లో బెలూన్ ఏసినారు. తొడకాడ బెజ్జం పెట్టి, తీగ పంపించి, ఆ వాలువును ఎడల్పు జేసినారు. చప్పుడు ఆ దినమే పాయె. మీకు చెప్తే మల్ల పిలవరని చెప్పలే. ఇన్నేండ్లు ఈడ నాకు జరిగిన మర్యాద మా ఊర్లో సర్పంచికి గూడా జరగలే సార్. కానీ నా మూలంగా ఈ పాప చెడిపోతాంటే నేను సూడలేను."

ఎక్స్‌టర్నల్ సారు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. ఈసారి మంచం మీద కూర్చుని, కళ్లు మూసుకుని, చాలాసేపు నిదానంగా విన్నాడు. లేచి స్టెతు మెళ్లో వేసుకున్నాడు. "ఏమీ లేదండీ. చక్కటి గుండె. ఇందాకా కూడా నాకేమీ వినపడలేదు" అన్నాడు. మెత్తటి మనిషే గానీ ఆ మాట చెప్పడానికి గుండె కావాలి. ఆయన మీద నాకున్న కోపం సగం అక్కడే కరిగిపోయింది.

"మరి పొద్దున్నుంచి విన్నవాళ్లందర్నీ ఏం చేద్దాం సార్?" అన్నాడు జ్ఞానప్రకాశం సారు. "ఫెయిల్ చేద్దామంటే, విన్నవాళ్లలో మనిద్దరం కూడా ఉన్నాం."

చివరికి అందర్నీ మళ్లీ పిలిచి, మళ్లీ వినమన్నారు. అప్పటికే కబురు కారిడారంతా పాకింది. మహేష్ స్టెతు పెట్టి, తల అటూ ఇటూ తిప్పి, "ఇప్పుడు లేదు సార్. పొద్దున మాత్రం ఉండింది" అన్నాడు. వాడి మొహంలో సిగ్గు కోసం వెతికాను. దొరకలేదు. వాడి కష్టం చూసి పుల్లయ్యే అందుకున్నాడు.

"ఉండింటాది సార్. పొద్దున ఉగ్గాని ఆలస్యమాయె. కడుపు అరిచింటాది."

రెండు మర్మర్లు విన్న వినీత్ మాత్రం మంచం దాకా రాలేదు. బాత్రూములో దాక్కున్నాడని తర్వాత తెలిసింది. అందరికీ వేరే కేసులు ఇచ్చి సాయంత్రం దాకా మళ్లీ పరీక్ష పెట్టారు. నన్ను మాత్రం ఎక్స్‌టర్నల్ సారు అక్కడే ఆపాడు.

"సరేనమ్మా. గుండె మామూలుగా ఉందన్నావ్. ఇప్పుడీయనకి ఏం చెప్తావ్?"

దొరికిందే చాలని మొదలుపెట్టాను. పెన్సిలిన్ ఇంజెక్షన్లు మానకూడదన్నాను. ఏటా గుండెకు ఎకో స్కాన్ తీయించుకోవాలన్నాను. కవాటం మళ్లీ ఇరుకయ్యే అవకాశం ఉందన్నాను. పుస్తకంలో ఉన్నదంతా గడగడా అప్పజెప్పాను. జ్ఞానప్రకాశం సారు తల ఊపుతున్నాడు. నేను లోలోపల ఎగిరి గంతులేస్తున్నాను. నిజం చెప్పి గెలిచిన మనిషిని కదా, నా అంతటిది లేదనుకుంటున్నాను.

తలుపు దగ్గర క్యారియర్ పట్టుకుని నిలబడి ఉన్న రామసుబ్బమ్మ అప్పుడు లోపలికొచ్చింది. ఎప్పుడొచ్చిందో ఎవరమూ చూడలేదు.

"ఇంజక్షన్లని చెప్తాండారు, ఫోటోలని చెప్తాండారు. బాగానే ఉండాది" అంది. క్యారియర్ కింద పెట్టి కొంగుతో కళ్లొత్తుకుంది. "పెండ్లయినప్పటి నుంచి ఈయప్ప గోడకానుకొని నిద్రపోయినాడే గానీ ఈపు ఆనిచ్చి పండుకున్న దినం నేను సూడలే. ఇప్పుడు చాప మీద ఎల్లెలకల పండుకొని గుర్రు పెడతాండాడు. ఆ గుర్రుకు మేలుకొని నేను నవ్వుకుంటాండా. పొద్దున్నుంచి ఇంతమంది డాక్టర్లు వచ్చినారు, పోయినారు. చప్పుడు పాయె, చప్పుడు పాయె అని ఏడిసేవోళ్లే గానీ, మంచిదాయె పుల్లయ్యా అని ఒక్కరన్నా అన్న్యారా? ఇన్నేండ్లు ఏటా పిలిపించి ఇన్న్యారు. దాన్ని బాగు జేసుకోపో అని ఎవరన్నా మెడబట్టి నూకినారా? నేను కొట్లాడి తీసకపోతే గదా అయింది!"

జ్ఞానప్రకాశం సారు తల దించుకున్నాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది. అంత మంచి మర్మర్‌ను ఎవరు మాత్రం పోగొట్టుకుంటారు? పుల్లయ్య దర్శనానికి పోయిన మా బ్యాచ్‌లలో ఒక్కరికీ ఆయన బాగుపడాలన్న కోరిక లేదు. నాకూ లేదు. గుండె మామూలుగా ఉందని మొండిగా చెప్పాను గానీ, ఆ మాటకు ఒక మనిషి బతికి బట్టకట్టాడని అర్థమన్న సంగతి నాకు తట్టనేలేదు. పుల్లయ్య కూడా తన జబ్బు నయమైనందుకు దొంగతనం బయటపడ్డవాడిలాగా ముడుచుకుని కూర్చున్నాడు.

వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాను. "మంచిదయింది పెద్దాయనా. చాలా మంచిదయింది" అన్నాను.

పుల్లయ్య కళ్లు తుడుచుకున్నాడు. "ఈ పరీచ్చ పోయినా పర్వాలేదులే పాపా. నువ్వు డాక్టరువే."

"నాకు పర్వా ఉంది పెద్దాయనా!" అని అరిచాను.

రామసుబ్బమ్మ ఏడుస్తూనే నవ్వింది. ఎక్స్‌టర్నల్ సారు కూడా నవ్వి, పెన్ను బయటికి తీసి, నాకు కనిపించేలాగానే మార్కులు వేసి సంతకం పెట్టాడు. పాసయ్యాను. మంచి మార్కులే వచ్చాయి.

పుల్లయ్య మాత్రం నవ్వలేదు. తుండుగుడ్డ చేతుల్లో నలుపుతూ జ్ఞానప్రకాశం సారు వైపు చూశాడు. "అయితే సార్, మల్ల నన్ను పిలిచేది ఉండదు గదా?"

"ఎందుకు పిలవం? తప్పకుండా పిలుస్తాం" అన్నాడు జ్ఞానప్రకాశం సారు. "జబ్బున్న గుండెలు చాలానే దొరుకుతాయి పుల్లయ్యా. జబ్బు లేదని తేల్చి చెప్పాల్సిన గుండెను మేం ఎప్పుడూ పరీక్షలో పెట్టలేదు. ఈరోజు చూశాం కదా, దానంత కష్టమైన కేసు లేదు."

పుల్లయ్య నెమ్మదిగా నిటారుగా కూర్చున్నాడు. మీసం మీదికి చెయ్యి పోయింది. సార్లిద్దరూ పక్క మంచం వైపు కదలగానే నా కొంగు పట్టుకుని దగ్గరికి లాగాడు.

"పాపా, అట్లయితే ఈసారి మా ఇంటికొచ్చే పిల్లోళ్లకు నేనేం చెప్పాల?"

చెవులు గింగిర్లెత్తబోయే ఇంకో మహేష్ కళ్లముందు మెదిలాడు. నేనిప్పుడు డాక్టర్ని కదా, బాధ్యతగా మాట్లాడాలి.

"చప్పుడు ఉందనే చెప్పు పెద్దాయనా" అన్నాను.